‘ఊరందరికీ తెలుసు’ అని మీరూ రాశారు

మిర్యాలగూడ వైపు ఒక చిన్న పట్టణం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయన ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సారాంశమే ఇస్తున్నాను.

1998లో ఆయన తండ్రి ఊళ్లోని వ్యవసాయ సహకార సంఘంలో గుమాస్తా. ఎరువుల గోదాము తాళాలు, స్టాకు రిజిస్టరు ఆయన దగ్గరే ఉండేవి. ఆ ఏడాది ఆడిట్‌లో యూరియా, డీఏపీ బస్తాలు లెక్కకు తక్కువ వచ్చాయి. సంఘం ప్రెసిడెంటు పోలీసులకు ఫిర్యాదు చేశారు. నమ్మకద్రోహం కింద ఐపీసీ 409, లెక్కల తారుమారు కింద 477-ఏ సెక్షన్లు పెట్టారు. తండ్రి నలభై రోజులకు పైగా నల్లగొండ జైల్లో ఉండి, బెయిలు మీద బయటికొచ్చారు. కేసు తొమ్మిదేళ్లు నడిచింది. 2007లో కోర్టు కేసు కొట్టేసింది. తీర్పు వచ్చిన మర్నాడు బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతుంటే వెనక బల్ల దగ్గర ఎవరో ‘సాక్ష్యం దొరకలే, బయటవడ్డడు’ అన్నారట. ఆ తర్వాత ఆయన ఆ హోటల్ మెట్టు ఎక్కలేదు.

ఇప్పుడు ఆయనకు డెబ్బై అయిదు దాటాయి. కిరాణా కొట్లో చిల్లర తీసుకుంటే దుకాణదారు కళ్ల ముందే రెండుసార్లు లెక్కపెడతారు. నెలాఖరున పాల డబ్బులు ఇచ్చి, చిన్న నోటుబుక్కులో పాలాయనతో సంతకం పెట్టించుకుంటారు. సంతకం రానివాళ్ల కోసం కిటికీలో స్టాంపు ప్యాడ్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

కొడుకు ఈ కథనే నవలగా రాశారు. ఇరవై రెండు అధ్యాయాల కోర్టు థ్రిల్లర్. పదకొండో అధ్యాయంలో, ఆడిట్‌కు ముందు రాత్రి ప్రెసిడెంటు గోదాము తెరిపించి, బస్తాలు ట్రాక్టర్లకు ఎత్తించి, రిజిస్టరులో పేజీలు మార్పిస్తాడు. చివరి అధ్యాయంలో కోర్టు హాల్లోనే, వకీలు ప్రశ్నలకు తట్టుకోలేక, నేరం ఒప్పుకుంటాడు. ఒక ప్రచురణకర్త వేస్తామన్నారు. ఈలోగా టైపు చేయడానికి ఇచ్చిన డీటీపీ సెంటర్ నుంచి కథ ఊళ్లోకి పొక్కింది. ఆనాటి ప్రెసిడెంటుకు ఎనభై దాటాయి, మంచం దిగలేని స్థితి. ఆయన కొడుకు ఫోన్ చేసి ‘అన్నా, ఒక్కసారి కూసొని మాట్లాడుకుందాం’ అన్నాడు. మరోవైపు లెక్చరర్ చెల్లెలి కూతురికి సంబంధం కుదిరింది. మగపెళ్లివాళ్లు ఆ ప్రెసిడెంటు ఇంటికి దగ్గరి చుట్టాలు. చెల్లె ఏడుస్తోంది. బావ ఒక ఉపాయం చెప్పాడు: పెద్దమనుషులను కూర్చోబెట్టి, వాళ్లతో మాఫీ చెప్పించుకుని, నవల ఆపేద్దామని. తండ్రి మాత్రం ‘అయిపోయిన పెండ్లికి మ్యాళమెందుకురా’ అని, అప్పటి నుంచి కొడుకుతో సరిగా మాట్లాడడం లేదు.

లెక్చరర్ అడుగుతున్నవి ఇవి. నవల వేయాలా, వద్దా? పేర్లు మారిస్తే సరిపోతుందా? కేసు పడుతుందా? మా నాయిన కథ రాసే హక్కు నాకు లేదా?

మీ నాన్న మీద వేసిన నింద నిలబడలేదని కోర్టు తేల్చింది. మీ ఇంట్లో మొదటి నుంచీ అది అబద్ధమని తెలుసు. నేనూ అదే నమ్మి ఈ జవాబు రాస్తున్నాను. 409 చిన్న సెక్షన్ కాదు, యావజ్జీవం దాకా పడగల నేరం అది. ఆ భయం నెత్తిన పెట్టుకుని తొమ్మిదేళ్లు వాయిదాలకు తిరిగిన మనిషి కొడుకు మీరు. మీకు కోపం ఉండడంలో, అది పుస్తకంగా బయటికి రావాలనిపించడంలో తప్పేమీ లేదు.

కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం రెండుచోట్ల వచ్చింది: ‘ప్రెసిడెంటే తిన్నాడని ఊరందరికీ తెలుసు.’ నేను అక్కడ ఆగిపోయాను. 1998లో కూడా ఊరందరికీ తెలుసు కదా, గుమాస్తా తిన్నాడని. తాళాలు ఆయన దగ్గరున్నాయి, రిజిస్టరు ఆయన రాశాడు, బస్తాలు తగ్గాయి, ఇంకెవరు తింటారు అన్నారు. నిప్పు లేందే పొగొస్తదా అన్నారు. మీ నాన్నను జైలుకు పంపింది ఈ మాటే. ఇప్పుడు అదే మాట ఆధారంగా మీరు ఇంకో మనిషి మీద పదకొండో అధ్యాయం రాశారు.

ఆ రాత్రి గోదాము తెరిచినట్టు చూసినవాళ్లు ఉన్నారా? ట్రాక్టరు డ్రైవరు ఎవరైనా చెప్పాడా? తీర్పులో ఆ ప్రస్తావన ఉందా? మీ ఉత్తరమంతా రెండుసార్లు వెతికాను, లేదు. మరో సంగతి ఉంది, మీరు దాన్ని నాలుగు లైన్లలో చెప్పి దాటేశారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ వకీలు ఆడిటరు నోటి వెంట రెండు విషయాలు రాబట్టారని రాశారు. బస్తాలు లెక్కపెట్టినప్పుడు మీ నాన్న అక్కడ లేరు. చీటీల మీద రైతులకు ఇచ్చిన అరువు బస్తాలను లెక్కలో కలపలేదు.

చీటీల సంగతి మీ వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారంటే నాట్లు అన్నీ ఒక్కసారే పడతాయి, యూరియా కోసం సొసైటీ ముందు తొక్కిసలాట. ‘నేను చెప్తున్న కదా, ఇయ్యి, రేపు రాసుకుందాం’ అని ప్రెసిడెంటు అంటే గుమాస్తా కాదనగలడా? చీటీ రాసి బస్తా ఎత్తిస్తాడు. ఆ చీటీలన్నీ రిజిస్టరుకు ఎక్కేలోపు ఆడిట్ వస్తే గోదాములో బస్తాలు తక్కువే ఉంటాయి. అంటే, ఎవరూ ఏమీ తినకుండానే కూడా లెక్క తగ్గి ఉండవచ్చు. లేదా కొన్ని బస్తాలు నిజంగానే పోయి, ఎవరు పట్టుకెళ్లారో ఎప్పటికీ తెలియకపోవచ్చు. ప్రెసిడెంటు కావాలనే మీ నాన్నను ఇరికించి ఉండవచ్చు. విచారణ తన మీదికి వస్తుందని భయపడి గుమాస్తాను ముందుకు తోసి ఉండవచ్చు. గుమాస్తాయే తిన్నాడని నిజంగానే నమ్మి ఉండవచ్చు కూడా. ఇవన్నీ వేరు వేరు తప్పులు, వాటి బరువులూ వేరు. ఏది జరిగిందో మీకు తెలియదు. థ్రిల్లర్‌కు దొంగ కావాలి కాబట్టి మీరు ఒకటి ఎంచుకున్నారు.

ఇప్పుడు చట్టం. మీకు టెన్షన్ ఎక్కువగా ఉన్నది అక్కడే అనిపించింది.

పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356 కిందికి వస్తుంది. 2024 జులై 1కి ముందు అది ఐపీసీ 499, 500. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజసేవ. పోలీసులు రాత్రికి రాత్రి వచ్చి పట్టుకుపోయే కేసు కాదు ఇది. నష్టపోయామన్నవాళ్లు స్వయంగా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి, బెయిలు హక్కుగా వస్తుంది. ఇది కాక సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయవచ్చు. మీతో పాటు ప్రచురణకర్తను కూడా లాగవచ్చు. ఆ సంగతి వాళ్లకు ఇప్పుడే చెప్పడం న్యాయం.

పేర్లు మారిస్తే సరిపోతుందా అన్నారు. సరిపోదు. తెలిసినవాళ్లు చదివి ‘ఇది ఫలానా ఆయన’ అని గుర్తుపట్టగలిగితే, పేరు లేకపోయినా నింద వేసినట్టే. మీ ఊళ్లో సొసైటీ ఒక్కటే, 1998లో ప్రెసిడెంటు ఒక్కరే, జైలుకెళ్లిన గుమాస్తా ఒక్కరే. పుస్తకం మొదటి పేజీలో ‘పాత్రలన్నీ కల్పితం’ అని వేసినా మీ బస్టాండు హోటల్లో ఎవరూ నమ్మరు. ఆ వాక్యం కోర్టులోనూ పెద్దగా ఆదుకోదు.

నిజం రాస్తే తప్పేమిటి అంటారేమో. క్రిమినల్ పరువునష్టంలో నిజం ఒక్కటే చాలదు. అది నిజమై ఉండాలి, ప్రజల మేలు కోసం చెప్పినదై కూడా ఉండాలి. పైగా నిజమని చూపించాల్సిన భారం మీ మీద పడుతుంది. పదకొండో అధ్యాయానికి మీ దగ్గర ఏ ఆధారం ఉంది? మీరే బోనులో నిలబడి ‘ఊరందరికీ తెలుసండీ’ అనాల్సి వస్తుంది.

చట్టం మీకు బాగా వీలిచ్చే చోటు ఒకటుంది. కోర్టు విచారణలో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు రాయడం పరువునష్టం కాదని ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. ముగిసిన కేసు మంచిచెడ్డల మీద, అందులో సాక్షులు నడుచుకున్న తీరు మీద, మంచి ఉద్దేశంతో అభిప్రాయం చెప్పడానికీ మినహాయింపు ఉంది. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో, హత్యల దోషి ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ మీద వచ్చింది కాబట్టి అందరూ ఆటో శంకర్ కేసు అంటారే, అందులో సుప్రీంకోర్టు కోర్టు రికార్డులాంటి ప్రజా పత్రాల ఆధారంగా రాసేవాళ్లకు రక్షణ ఇచ్చింది. కాబట్టి, ఫిర్యాదు ఎవరిచ్చారు, ఆడిటరు ఏం ఒప్పుకున్నారు, జడ్జి ఏం రాశారు అన్నవి మీరు ధైర్యంగా రాయవచ్చు. గోదాము తలుపు రాత్రి ఎవరు తెరిచారన్నది ఊహించి రాసి, దాన్ని ఆ ఇంటి గుమ్మానికి తగిలించడం దగ్గరే చిక్కంతా.

కాబట్టి ముందు మీరు చేయాల్సింది తీర్పు నకలు తెచ్చుకోవడం. మీరు తీర్పు చదివినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు, విన్నదే రాశారు. కేసు నంబరు పాత వాయిదా కాగితాల్లో ఉంటుంది. మీ నాన్న తరఫున వాదించిన వకీలు ఆఫీసులో పాత ఫైలు దొరికితే ఇంకా మంచిది. కోర్టులో నకలు కోసం దరఖాస్తు పెడితే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. కోర్టులు పాత రికార్డు మొత్తాన్ని ఎల్లకాలం ఉంచవు, ఆలస్యం చేయకండి. తీర్పుతో పాటు సాక్షుల వాంగ్మూలాలు, సీఆర్‌పీసీ 313 కింద మీ నాన్నను అడిగిన ప్రశ్నల కాగితం కూడా దొరుకుతుందేమో అడగండి. ప్రాసిక్యూషన్ సాక్షులంతా అయిపోయాక, వాళ్లు నీకు వ్యతిరేకంగా ఇలా చెప్పారు, నువ్వేమంటావు అని జడ్జి నిందితుడిని స్వయంగా అడిగే ఘట్టం అది. మామూలుగా చాలామంది ప్రతి ప్రశ్నకూ ‘అబద్ధం’ అని ఒక్క ముక్కలో జవాబిస్తారు. తొమ్మిదేళ్ల కేసులో మీ నాన్న నోరు విప్పి చెప్పినదంతా ఆ ఒకటి రెండు పేజీల్లోనే ఉండి ఉంటుంది. మీ నవలకు దానికన్నా విలువైన కాగితం ఇంకొకటి లేదు.

ఇక మీ ముందున్న దారులు. ఏది పట్టాలో మీరే తేల్చుకోవాలి. ఏ దారిలో ఏం ఎదురవుతుందో నాకు కనిపించినంత చెబుతాను.

ఉన్నది ఉన్నట్టుగా వేయవచ్చు. పుస్తకం మీ తాలూకాలో చేతులు మారుతుంది, అందులో సందేహం లేదు. అయితే జనం దాన్ని నవలగా చదవరు, ఎవరు ఎవరో వెతుక్కుంటూ చదువుతారు. కేసు పడితే వాయిదాలకు తిరిగేది మీరు. పడకపోయినా మేనకోడలి పెళ్లి మీద దెబ్బ పడవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, సద్దుమణిగిన మీ నాన్న పేరు మళ్లీ హోటల్ బల్ల మీదికి వస్తుంది. ‘కొడుకు ఇంత రాసిండంటే ఏదో ఉండే ఉంటది’ అనేవాళ్లు కూడా ఉంటారు. ఆయన్ని సమర్థించడానికి రాసిన పుస్తకం ఆయన్ని మళ్లీ బోనెక్కించవచ్చు. నాకైతే ఈ దారి మంచిదనిపించడం లేదు.

నవలను ఆ ఊరి నుంచి పూర్తిగా తీసేయవచ్చు. పేర్లు మార్చడం వేరు, ఇది వేరు. సొసైటీ వద్దు, ఎరువులు వద్దు, 1998 వద్దు. పాలమూరు వైపు ఒక హాస్టల్లో బియ్యం లెక్క తేడా వచ్చిందనుకోండి, నిందితురాలు వంటమనిషి అనుకోండి. ఫిర్యాదు చేసిన పాత్ర వయసు, కులం, కుటుంబం, మాటతీరు ఏదీ మీ ఊరి ఆయనకు తగలకూడదు. ఇంత మార్చాక ‘ఇది మా నాయిన కథ’ అని మీరు ఏ సభలోనూ, ఏ ఇంటర్వ్యూలోనూ అనకూడదు. అంటే చేసిన మార్పంతా వృథా. ఇందులో మీకు నష్టం ఉంది. మీ నాన్నకు జరిగింది లోకానికి తెలియాలన్న కోరిక తీరదు. లాభమూ ఉంది. దొంగను పట్టించే బాధ్యత నుంచి మీ కథ బయటపడుతుంది.

ఈ లాభం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మీరు రాసేవారు కాబట్టి. మన మేజిస్ట్రేటు కోర్టుల్లో అసలు దోషి హాల్లో కుప్పకూలి నేరం ఒప్పుకోవడం జరగదు, అది మీకూ తెలుసు. మీ నాన్న తొమ్మిదేళ్లు ఎలా గడిచాయి? పొద్దున్నే బస్సు. కోర్టు వరండాలో నిలబడడం. బంట్రోతు పేరు పిలిస్తే లోపలికి పరుగు. దర్యాప్తు అధికారి రాలేదు. సాక్షి రాలేదు. జడ్జిగారు సెలవు. మళ్లీ తేదీ. చివరికి ఎప్పుడో ఒక మధ్యాహ్నం నాలుగు వాక్యాల్లో కేసు కొట్టివేత. దొంగ దొరకడు, ఊరు క్షమాపణ అడగదు. అబద్ధపు నింద ఇంత భయంకరంగా ఉండేది ఇందుకే. నిజం తేలినా దాన్ని ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు. నింద వేసిన ఒక్కరి గురించి కాకుండా, దాన్ని నమ్మిన వందమంది గురించి మీరు రాయగలరా? మొదటి వారంలోనే పలకరింపు మానేసిన పక్కింటివాళ్లు, గుడి చందా లెక్క ఈయన చేతి నుంచి తీసుకున్నవాళ్లు, చీటీ మీద బస్తా పట్టుకెళ్లి కోర్టుకు వచ్చి ఆ మాట చెప్పని రైతులు. పాఠకుడు తనను కూడా ఆ వందమందిలో చూసుకుంటాడు. ఆ నవలలో పేజీ తిప్పించే ఉత్కంఠ తక్కువేమీ ఉండదు.

మరో దారి, నవల పక్కన పెట్టి నిజాన్ని నిజంగానే రాయడం. తీర్పు, వాంగ్మూలాలు, మీ నాన్న చెప్పినవి, మీరు చూసినవి. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని. చట్టపరంగా ఇదే అన్నిటికన్నా గట్టి నేల. మీ నాన్న పేరు కూడా బాహాటంగా నిలుస్తుంది. కానీ ఇది ఆయన ఒప్పుకోకుండా జరిగే పని కాదు, జరగకూడదు కూడా. ఏ రూపంలో వేసినా, అచ్చుకు ముందు రాతప్రతిని పరువునష్టం కేసులు చూసే వకీలుకు ఒకసారి చూపించండి.

రాసినదాన్ని ప్రస్తుతానికి వేయకుండా ఉంచుకోవడం కూడా ఒక దారే. అది ఓటమి అని మీకు అనిపించవచ్చు. కనీసం పెళ్లి అయ్యేదాకా ఆగితే మీకు పోయేదేమీ లేదు. ప్రచురణకర్త కొన్ని నెలలు ఆగగలరు.

హక్కు గురించి అడిగారు. మీకు హక్కుంది, ఎందుకంటే అది మీ జీవితం కూడా. తండ్రి జైల్లో ఉండగా డిగ్రీ పరీక్షలు రాసిన కుర్రవాడు మీరే. ఆ కుర్రవాడు చూసినదంతా మీది. కానీ మూడో అధ్యాయంలో మీరు రాసిన జైలు మీది కాదు. జైలు గురించి ఆయన ఒక్కసారి కూడా నోరు విప్పలేదని మీరే చెప్పారు, ఆ అధ్యాయం ఊహించి రాశానన్నారు. మనిషి ఇన్నేళ్లు దాచుకున్నదాన్ని కొడుకు ఊహించి అచ్చు వేయిస్తే, ఆయన ఎలా చదువుతారో ఒకసారి ఆలోచించండి. ఆయన ‘మ్యాళమెందుకురా’ అన్నది మీ రాతను తక్కువ చేసి కాదు. ఆయనకు ఆ పెళ్లి ఇంకా అయిపోలేదు. అయిపోతే కిటికీలో స్టాంపు ప్యాడ్ ఎందుకుంటుంది?

ఆయన్ని ‘వేయనా, వద్దా’ అని అడగకండి. అలా అడిగితే వద్దనే అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. తీర్పు నకలు వచ్చాక దాన్ని ఆయన చేతికివ్వండి. బహుశా ఆయన కూడా ఎప్పుడూ మొత్తం చదివి ఉండరు, అప్పట్లో వకీలు ‘గెలిచాం’ అంటే ఇంటికొచ్చి ఉంటారు. లెక్క మనిషి కదా, కాగితం చూస్తే మాట్లాడతారు. చీటీల గురించి అడగండి, ఎవరెవరికి ఇచ్చారో, ఎన్ని తిరిగొచ్చాయో. జైలు గురించి మీరుగా ఎత్తకండి. ఆయన చెబితే వినండి, ఫోన్‌లో రికార్డు చేయాలనుకుంటే ముందే చెప్పి చేయండి. విన్నాక కూడా వద్దంటే, ఆయన బతికుండగా ఆయన్ని గుర్తుపట్టేలా వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మీరు వేరేగా అనుకోవచ్చు. అప్పుడు ఇంట్లో ఆ దూరాన్ని భరించడానికి సిద్ధపడాలి.

మీ చెల్లెలి గురించి మీరు రాసిన ఒక సగం వాక్యం నన్ను వదలడం లేదు: ‘చెల్లె కూడా ఇంటర్ రెండో ఏడు మానేసింది.’ ఎందుకు మానేసింది? ఫీజు లేకనా, కాలేజీలో అన్న మాటల వల్లనా? రెండేళ్లకే పెళ్లి చేశారని రాశారు. ఆ కేసు వల్ల మీ ఇంట్లో చదువు పోయింది ఆమెది. మీరు చదువుకుని లెక్చరర్ అయ్యారు, నవల రాశారు. ఆమె ఇప్పుడు ఏడుస్తుంటే దాన్ని పెళ్లి భయం అని మాత్రమే అనుకోకండి. ఈసారి తన కూతురి వంతు వస్తుందేమోనని ఆమెకు అనిపిస్తూ ఉండవచ్చు. వెళ్లి ఆమెతో ఒక పూట కూర్చోండి. నవల గురించి చెప్పడానికి కాదు, ఆమెకు 1998 ఎలా గడిచిందో వినడానికి. మీ ఇరవై రెండు అధ్యాయాల్లో ఆమె ఎక్కడుందో మీ ఉత్తరం చెప్పలేదు.

బావ ఉపాయం దగ్గర మాత్రం జాగ్రత్త. ‘మాఫీ చెప్తే నవల ఆపుతాం’ అనడం పైకి రాజీలా ఉంటుంది. అవతలివాళ్లకు అది బెదిరింపులా వినిపిస్తుంది. డబ్బు ప్రస్తావన ఎవరి నోటైనా వచ్చిందంటే కేసు మీ మీదికి తిరగవచ్చు. మంచం మీదున్న ఎనభై ఏళ్ల మనిషితో భయపెట్టి చెప్పించుకున్న మాఫీని మీ నాన్న ఏం చేసుకుంటారు? ఆయనకు అలాంటిది కావాలో వద్దో ఎవరైనా అడిగారా? నవల పేరెత్తకుండా, ఒక మాట చెప్పుకుందామని వాళ్లే ముందుకొస్తే, అది మీ నాన్న ఇష్టం.

వాళ్లబ్బాయి ఫోన్‌కు జవాబు ఇవ్వండి. దాటవేస్తే పుకారు పెరుగుతుంది. కలిస్తే మీ ఇద్దరికీ కావలసిన ఒక పెద్దమనిషి ఉండగా కలవండి. పుస్తకంలో ఏముందో అక్కడ చెప్పకండి, వేస్తాననీ వేయననీ మాట ఇవ్వకండి, కాగితం మీద సంతకం పెట్టకండి. ఆయన చెప్పేది వినండి. తండ్రి ఏం చేశాడో ఆయనకు తెలిసి ఉండవచ్చు, మీలాగే ఏమీ తెలియకుండా ఊరి మాట మోస్తూ ఉండవచ్చు. అప్పుడు ఆయన కూడా మీ వయసు కుర్రవాడే.

ప్రెసిడెంటు మీద తిరిగి కేసు వేయవచ్చా అని ఉత్తరం చివర ఒక ప్రశ్న ఉంది. అన్యాయంగా కేసు పెట్టించినందుకు నష్టపరిహారం దావా, నిర్దోషిగా తేలిన రోజు నుంచి ఒక్క ఏడాదిలోపు వేయాలి. అంటే 2008తోనే ఆ గడువు ముగిసింది. అన్యాయంగా కేసుల పాలైనవాళ్లకు ప్రభుత్వమే పరిహారం ఇచ్చేలా చట్టం తేవాలని 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసింది, అలాంటి చట్టం రాలేదు. సస్పెన్షన్ కాలం జీతం, గ్రాట్యుటీ లాంటివి సంఘం నుంచి ఏమైనా రావలసి ఉందా అన్నది మాత్రం ఇప్పటికీ అడగదగ్గ ప్రశ్న. ఇన్నేళ్ల తర్వాత వస్తుందన్న భరోసా నేను ఇవ్వలేను. నల్లగొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఉచితంగా వకీలును ఇవ్వడానికి ఆదాయం లాంటి అర్హతలు చూస్తారు. మీ నాన్న ఒప్పుకుంటేనే ఈ పనికి వెళ్లండి.

ఈ వారంలో చేయాల్సింది చిన్న పని ఒకటుంది. డీటీపీ సెంటర్‌కు వెళ్లి, వాళ్ల కంప్యూటర్‌లో ఉన్న మీ ఫైలును మీ ముందే తీసేయించండి, ప్రింటు కాపీలుంటే తెచ్చేసుకోండి. మీరు అచ్చు వేయకముందే పదకొండో అధ్యాయం వాట్సాప్‌లో తిరిగితే, పైన చెప్పిన దారుల్లో ఏదీ మీ చేతిలో ఉండదు. ఆ తర్వాత నకలు దరఖాస్తు. తీర్పులో స్టాకు లెక్క గురించి, చీటీల గురించి జడ్జి ఏం రాశారో చదివి నాకు మళ్లీ రాయండి. నవలలో దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి అన్నది అప్పుడు పేజీ పేజీ చూసుకుందాం.